నా ఫోల్డరు ఒక్కటీ తప్ప

నేను అరకు వచ్చి ఆరేళ్ళవుతోంది. అంతకుముందు విశాఖలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్లకు వాడకం పుస్తకాలు రాసేవాణ్ణి. ఇక్కడ కాఫీ రైతుల సంఘంలో చేతిపుస్తకాలు తయారుచేస్తాను. పండు ఎప్పుడు కోయాలి, మెషీను ఎలా తిప్పాలి, గింజ ఎలా ఆరబెట్టాలి, ఇలాంటివి. రాసే విషయం మారింది గాని రాసే పద్ధతిని మాత్రం విశాఖ నుంచే తెచ్చుకున్నాను.

ఆ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. మేము పుస్తకాన్ని మామూలు అక్షరాల ఫైళ్ళలో రాస్తాం. మధ్యమధ్య కొన్ని గుర్తులు పెడతాం. కింద గీత ఉంటే అది శీర్షిక. అటూ ఇటూ నక్షత్రాలు ఉంటే లావు అక్షరాలు. లోపలికి జరిపి రాస్తే ప్రత్యేకమైన పెట్టె. ఆ ఫైళ్ళన్నీ ఒక ప్రోగ్రాముకు అప్పగిస్తే అదే అచ్చుకు ఒక రకంగా, ఫోనుకు ఒక రకంగా పుస్తకం కట్టి ఇస్తుంది. గుర్తు ఎక్కడైనా తప్పిందా, ఆ ప్రోగ్రాము పెద్దగా పట్టించుకోదు. తనకు తోచినట్టు కట్టేస్తుంది. పట్టిక విరిగిపోతుంది, శీర్షిక పేరాలో కలిసిపోతుంది, మనకు తెలిసేది అచ్చయి వచ్చాకే.

అందుకని గుర్తులను సరిచూసే చిన్న పనిముట్టు ఒకటి నేనే రాసుకున్నాను. దానికి బొమ్మలూ బటన్లూ లేవు. కంప్యూటర్లో నల్ల కిటికీ తెరిచి, ఒక కమాండ్ కొట్టి, ఎంటర్ నొక్కాలి. ఏ ఫైల్లో, ఎన్నో వరుసలో, ఏ గుర్తు తప్పిందో వరసగా చెబుతుంది. తప్పులేమీ లేకపోతే ఒక్క మాటా అనదు. మళ్ళీ ఖాళీ వరుస వస్తుంది, అంతే. ఏమీ అనకపోవడమే దాని మెప్పు.

దాన్ని చూసుకుని నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని వాడుకున్న తీరు మాత్రం బాగాలేదు. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని కమాండ్ కొట్టి, ఎవరి ఫైళ్ళలో ఎన్ని తప్పులున్నాయో గది అంతా వినేలా చదివేవాణ్ణి. ఆ గదిలో నాతో పాటు రాసే మనిషి ఒక్కతే. కొండవాలులోని కింది ఊరి అమ్మాయి. పాడేరులో డిగ్రీ చదివింది. నేను తెలుగులో రాసినదాన్ని తన ఇంటి భాష అయిన కువిలోకి మార్చి, తెలుగు అక్షరాలతో రాసేది. ఈ గుర్తుల పద్ధతి ఆమెకు కొత్త. "ఇవాళ నీవి పదిహేడు అమ్మా" అని చదివితే ఆమె నవ్వి, "నిన్న ఇరవై కదా సార్, తగ్గినాయి" అనేది. అకౌంట్స్ ఆయన, గోడౌన్ ఆయన కూడా నవ్వేవారు. అది సరదా అనుకున్నాను. ప్రతి పొద్దునా ఒక మనిషి తప్పుల సంఖ్యను పదిమందికీ వినిపించడం సరదా కాదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇక నా తప్పులు. రాసేవాడు తనకోసం పెట్టుకునే మాటలకు కూడా ఈ పద్ధతిలో ఒక గుర్తుంది. వరుస మొదట రెండు చుక్కలు పెడితే ఆ వరుస అచ్చులో రాదు, ఫైల్లోనే ఉంటుంది. దాని కింద లోపలికి జరిపి రాసినదంతా కూడా ఆ సొంత మాటలో భాగమే అనుకుని, పుస్తకం కట్టే ప్రోగ్రాము వదిలేస్తుంది. అచ్చులోకి రావలసిన పేరా ఇలా దాగిపోయే ప్రమాదం ఉందని నాకు తెలుసు. అందుకే సొంత మాట కనబడితే చూపేలా, దాని కింద పేరా దాగితే హెచ్చరించేలా నా పనిముట్టులో ప్రత్యేకంగా ఏర్పాటు చేశాను. కానీ నా ఫైళ్ళ నిండా సొంత మాటలే. 'ఇది తర్వాత చూడాలి', 'గంటల లెక్క మళ్ళీ అడగాలి', 'ఈ పేరా తిరగరాయాలి'. తర్వాత, తర్వాత, తర్వాత. కమాండ్ కొట్టినప్పుడల్లా అవన్నీ బారులు తీరేవి. చదవడానికి విసుగు. పైగా అవన్నీ నా పేరు మీదే వచ్చేవి. ఒక రోజు దాని సెట్టింగుల్లో ఒకే ఒక వరుస చేర్చాను. నా ఫోల్డరును చూడకుండా వదిలెయ్యమని. ఎవరికీ చెప్పలేదు. అడిగితే ఇవన్నీ ఇంకా చిత్తుప్రతులని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఆ వానాకాలంలో సంఘం తరఫున పై ఊరికి కొత్త పల్పర్ వచ్చింది. పండు మీది తొక్క ఒలిచే మెషీను. పై ఊరూ కింది ఊరూ ఒకే గెడ్డ మీద, అంటే ఒకే వాగు ఒడ్డున ఉంటాయి. రెంటికీ మధ్య నడిచి అరగంట. పల్పర్ మీద, ముందుగా తెలుగులో, చిన్న పుస్తకం రాసే పని నాది. మెషీను సంగతులు నాకే బాగా తెలుసనుకుని కావాలని తీసుకున్నాను. అది అచ్చుకు వెళ్ళే ముందు, కింది ఊరి పెద్దలు ఈ అమ్మాయి చేత ఒక మాట పంపారు. ఆమె దాన్ని గీతల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. 'పల్పర్ కడిగిన నీళ్ళు గెడ్డలోకి వదలకూడదు. గెడ్డకు దూరంగా గుంత తీసి అందులోకి పంపాలి. కింది ఊరు ఆ గెడ్డ నీళ్ళే తాగుతుంది.'

"మా ఊరోళ్ళు పుస్తకంలో అడిగింది ఇదొక్కటే సార్" అంది.

మంచి మాట అన్నాను. అప్పటికప్పుడే టైపు చేశాను కూడా. పెట్టెలో రావాలని లోపలికి జరిపి కొట్టాను. దానికి సరిగ్గా పైన నా సొంత మాట ఒకటి ఉంది. 'ఈ పేజీలో మెషీను తిప్పే గంటల లెక్క తర్వాత సరిచూడాలి.' ఊరంతా కలిసి పంపిన మూడు వాక్యాలూ వెళ్ళి నా బద్ధకం కింద కూర్చున్నాయి. పుస్తకం కట్టే ప్రోగ్రాము వాటిని వదిలేసింది. నా పనిముట్టు పట్టుకునేదే. దాని కళ్ళు నేనే మూశాను. అచ్చు నమూనా వచ్చినప్పుడు ఏముందో నాకు తెలుసు కదా అని పేజీలు తిప్పి పంపేశాను.

వలిసెపూలు విరగబూసి కొండవాలంతా పసుప్పచ్చగా ఉన్న రోజుల్లో కాఫీ కోతలు మొదలయ్యాయి. పై ఊరివాళ్ళు పుస్తకం ముందు పెట్టుకుని మెషీను తిప్పారు. కడిగిన నీళ్ళు ఎటు పోవాలో పుస్తకంలో లేదు. వాలు ఎటుంటే అటు పోయాయి. నాలుగు రోజులకు కింది ఊరి గెడ్డ ఎర్రబారింది. పుల్లటి కంపు. చిన్న చేపలు వెల్లకిలా తేలాయి. స్నానం చేసిన పిల్లలకు ఒళ్ళంతా దురద. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని కొండ అవతలి ఊటకు పోవలసి వచ్చింది.

గురువారం సంఘం ఆఫీసులో రెండు ఊళ్ళవాళ్ళూ కూర్చున్నారు. పై ఊరి పెద్దాయన పుస్తకం తెరిచి మా కార్యదర్శి ముందు పెట్టాడు. గొంతు పెంచలేదు. పుస్తకంలో ఎలా ఉంటే అలా చేశామని, గుంత సంగతి ఇందులో ఎక్కడుందో చూపించమని అన్నాడు. లేదు. కింది ఊరివాళ్ళందరూ ఆ అమ్మాయి వైపు తిరిగారు. రాయించానని ఊళ్ళో చెప్పింది ఆమే మరి. అందరి ముందూ ఆమె నా వైపు చూసింది. కాగితం ఇచ్చానని చెప్పింది. నేను "చూసి చెప్తాను" అన్నాను.

అందరూ వెళ్ళాక చూశాను. నా ఫోల్డరును వదిలెయ్యమన్న వరుసను తీసేసి కమాండ్ కొట్టాను. బారులు తీరిన నా 'తర్వాత'ల మధ్య అది కూడా వచ్చింది. ఫైలు పేరు, వరుస నంబరు, 'సొంత మాట కింద మూడు వరుసల పేరా దాగి ఉంది, అచ్చులో రాదు'. ఆ వాక్యం నేను రాసిందే. ఒకప్పుడు ఎవరినో హెచ్చరించడానికి ఎంతో ముచ్చటగా కూర్చాను. నల్ల కిటికీ మూసేశాను. తీసేసిన వరుసను మళ్ళీ యథాస్థానంలో పెట్టాను.

శుక్రవారం కార్యదర్శి, ఆ అమ్మాయిని రాత పని నుంచి తప్పించి పళ్ళ సేకరణ దగ్గరికి పంపుదామన్నాడు. చెడ్డవాడు కాదు. ఊళ్ళో మాట పడ్డ మనిషి రాసిన పుస్తకాన్ని ఆ ఊరివాళ్ళు ఇక నమ్మరని ఆయన భయం. నీ అభిప్రాయం ఏమిటని నన్ను అడిగాడు. ఆలోచిద్దాం అన్నాను. అబద్ధం చెప్పలేదని ఇంటికి వెళ్తూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శని, ఆదివారాలు అలాగే సర్దిచెప్పుకున్నాను.

సోమవారం ఆమె కాస్త ముందే వచ్చింది. కంప్యూటర్ ఆన్ చెయ్యలేదు. నా బల్ల ముందు నిలబడి, ఒక సంగతి అడగొచ్చా అంది. నిలదీస్తుందనుకున్నాను.

"ఆ కాగితం మీకు నిజంగా ఇచ్చినానా సార్, ఇచ్చినాననుకుంటున్నానా? అందరూ అంటావుంటే నాకే డవుటొస్తంది."

"ఇచ్చావు" అన్నాను. మెల్లగానే వచ్చింది ఆ మాట.

ఆమె తలూపింది. అంతటితో వెళ్ళిపోతుందనుకున్నాను. కాని ఆదివారం ఊళ్ళో జరిగిందొకటి చెప్పింది. గింజలు ఏరే కళ్ళం దగ్గర అందరితో పాటు కూర్చుని చాట నిండా ఏరింది. ఏరాక పక్కావిడకు అందించబోయింది. ఆవిడ చెయ్యి చాచలేదు. ఇటు పక్కావిడా చాచలేదు.

"నా సేట ఎవులూ అందుకోనేదు సార్."

ఆ మాట బరువు తెలియాలంటే వాళ్ళ ఏరుడు తెలియాలి. ఆరిన గింజల్లోంచి నల్లవి, విరిగినవి, పురుగు పట్టినవి తీసెయ్యాలి. ఆడవాళ్ళు కళ్ళం మీద అర్ధచంద్రంలా కూర్చుంటారు. ఎంత బాగా ఏరే మనిషైనా తన చాటను తనే బస్తాలో పోయదు. కుడి పక్కన కూర్చున్న మనిషికి అందిస్తుంది. ఆ మనిషి మరోసారి వేళ్ళు పోనిచ్చి చూశాకే అది బస్తాలోకి పోతుంది. కొత్త కోడలిదైనా, ఊరి పెద్ద భార్యదైనా అంతే. చాట అందుకోలేదంటే, నీ పని చూడ్డానికి కూడా పనికిరాదని చెప్పినట్టు. ఈ సంగతి నాకు కొత్తేమీ కాదు. ఏరుడు గురించిన పుస్తకంలో ఆ పేజీ రాసింది నేనే.

మంగళవారం కార్యదర్శి కింది ఊరికి బయలుదేరాడు. పై ఊళ్ళో అప్పటికే గుంత తవ్వుతున్నారని, ఇక గెడ్డలోకి చుక్క రాదని మాట ఇవ్వడానికి. నన్నూ రమ్మన్నాడు. ఆ అమ్మాయి వెనక సీట్లో కూర్చుంది. జీపులోనే ఆయనకు చెప్పొచ్చు. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లను లెక్కపెడుతూ కూర్చున్నాను.

కళ్ళం దగ్గర ఏరుడు సాగుతోంది. కార్యదర్శి చెప్పవలసింది చెప్పాడు. అయిపోయాక నేను జేబులోంచి కాగితం తీశాను. ఒక మూల చిరిగిన ఆ గీతల కాగితాన్ని ఊరి పెద్ద చేతికిచ్చాను. ఈ అమ్మాయి మీ మాట రాసి ఇచ్చిందని, దాన్ని పోగొట్టింది నేనని చెప్పాను. ఎలా పోగొట్టానో కూడా చెప్పాను. తప్పులు వెతికే పనిముట్టు ఒకటి రాశానని, అందరి రాతలూ దానికి చూపించి నా రాత మాత్రం చూడొద్దన్నానని. గురువారం నుంచి ఈ సంగతి నాకు తెలుసని కూడా చెప్పాను. అమ్మాయి నా మాటలన్నీ కువిలో చెబుతోంది. ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, నా వైపు చూడకుండా, అదీ చెప్పింది.

ఊరి పెద్ద ఆ కాగితాన్ని పక్కనున్న ముసలావిడకు అందించాడు. అక్కడి ఏరుడుకు పెద్ద దిక్కు ఆవిడే. చదవడం రాదు, అయినా చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నాతో తెలుగులోనే మాట్లాడింది.

"నీ సేట నువ్వే సూసుకున్నావన్నమాట."

"అవును పెద్దమ్మా."

"నువ్వు ఏరింది నువ్వే సూసుకుంటే అన్నీ మంచియే అగుపడతాయి కదేటి." జరిగి కొంచెం చోటిచ్చింది. "అలగ నిలబడి ఏటి సేత్తావు? కూకో. ఇది ఏరు."

ఒళ్ళో చాట పెట్టింది. కూర్చుని ఏరాను. పుస్తకంలో రాసినవన్నీ గుర్తు తెచ్చుకుంటూ చాలా శ్రద్ధగా ఏరాను. ఇక ఏమీ లేవనుకున్నాక ఆవిడకు అందించాను. ఆవిడ చాటను ఒక్కసారి కుదిపి, నల్లవీ విరిగినవీ దోసెడు తీసి నా ముందు పోసింది. ఆడవాళ్ళు నవ్వారు. పుస్తకాలు రాసే బాబుకు కళ్ళజోడు మార్పించమని ఎవరో కువిలో అన్నారట, అమ్మాయి తర్వాత చెప్పింది. ముసలావిడ మాత్రం నవ్వలేదు. ఆ అమ్మాయిని పిలిచి తన ఎడమ పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక చాట ఇచ్చింది. "బేగి ఏరు, మద్దేనం అయిపోతంది" అంది. అమ్మాయి వేళ్ళు చకచకా నడిచాయి. ఏరడం అయ్యాక చాట చేతుల్లో పట్టుకుని ఒక క్షణం ఆగింది. ముసలావిడ చెయ్యి చాచి అందుకుంది. వేళ్ళు పోనిచ్చి చూసి, రెండంటే రెండు గింజలు తీసి, మిగతావి బస్తాలో పోసింది.

తిరుగు దారిలో ఘాట్ మలుపు దగ్గర కార్యదర్శి ఒక్క మాటే అన్నాడు. శుక్రవారం నేను నిన్ను అడిగాను కదా, అన్నాడు. అవునన్నాను.

ఆ వారంలోనే మూడు వాక్యాల కాగితాన్ని విడిగా అచ్చు వేయించి, ఉన్న ప్రతి పుస్తకంలోనూ నేనూ ఆ అమ్మాయీ చేత్తో అంటించాం. పై ఊరి గుంత పూర్తయింది. గెడ్డ తేరుకోవడానికి నెల పైనే పట్టింది. చేపలు మళ్ళీ వచ్చిన రోజు ఆమె ఫోన్లో ఫొటో తీసుకొచ్చి చూపించింది. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. బాగా చూడమంది. చూశాను. రాయి నీడలో సన్నగా రెండు గీతలు.

పనిముట్టులో ఇప్పుడు ఎవరి ఫోల్డరునూ వదిలెయ్యడానికి వీల్లేదు. ఆ ఏర్పాటునే పీకేశాను. ఇంకో మార్పు ఆమె చేయించింది. ఎవరి ఫైళ్ళ మీద వాళ్ళు కమాండ్ కొట్టడం వద్దు, నావి ఆమె చూస్తుంది, ఆమెవి నేను చూస్తాను. సంఖ్యను పైకి చదవడం మానేశాం. కమాండ్ పేరు కూడా మార్చింది. నేను పెట్టిన ఇంగ్లీషు పేరు తీసేసి 'సేట' అని పెట్టింది. కువి ఫైళ్ళలో అది అనవసరంగా తప్పుపట్టే చోట్లు నాలుగైదు చూపించింది. అవి నా తప్పులే, సరిచేశాను. ఇప్పుడు జి.మాడుగుల వైపు ఊళ్ళకు చోడి (రాగి) పంట పుస్తకం ఆమే రాస్తోంది, మొదట కువిలో. తెలుగు చేసేది నేను.

ఈ జ్ఞాపకాన్ని కూడా అదే పద్ధతిలో, అవే గుర్తులతో రాశాను. మా ఏర్పాటు ప్రకారం నిన్న ఆమెకు పంపాను. కాసేపటికి పిలిచింది. నల్ల కిటికీలో ఒకే ఒక వరుస ఉంది. 'సొంత మాట కింద రెండు వరుసల పేరా దాగి ఉంది, అచ్చులో రాదు.' పైన నా మాట, 'ఇది ఉంచాలా వద్దా, తర్వాత చూడాలి'. దాని కింది రెండు వరుసలు ఇవి.

శనివారం ఇంట్లో ఆ కాగితాన్ని చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను. ఒక మూల చిరిగింది. గుండ్రటి అక్షరాలు కనబడి ఆగిపోయాను.

ఆమె తెర మీద అవి చదివింది. కాగితం మూల సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఇంకోసారి మొదటి నుంచి చదివింది.

చివరికి, "రెండు సుక్కలూ తీసెయ్యండి సార్" అంది. "అచ్చులో రానీండి."

పైనున్న నా సొంత మాటను చుక్కలతో సహా తీసేశాను. ఆమె మళ్ళీ కమాండ్ కొట్టింది. ఈసారి అది ఏమీ అనలేదు.